రాత్రి అనుకుని పొద్దున్నే బండెక్కాలంటే: చలికాలంలో విశాఖ నుంచి వెచ్చని దక్షిణానికి

విశాఖలో చలి ఏపాటిది అంటారు చాలామంది. బీచ్ రోడ్డులో తెల్లవారుజామున 17, 18 డిగ్రీలుంటే మనకి అదే చలికాలం. లంబసింగిలో మంచు గడ్డకట్టే పొద్దులు చూసినవాళ్లకి ఇదొక చలే కాదు. బండి, అంటే బైకు, మీద మాత్రం లెక్క మారిపోతుంది. బయట 10 డిగ్రీలుండి బండి 80లో పోతుంటే ఒంటికి తగిలేది దాదాపు 4 డిగ్రీల చలి. వేళ్లు కొంకర్లు పోయి, బ్రేకు పట్టుకోవడానికి అరక్షణం ఆలస్యమవుతుంది. ప్రమాదం ఆ అరక్షణంలోనే ఉంది. అందుకే డిసెంబరు వచ్చేసరికి బండి ఉన్న ప్రతివాళ్లకీ మనసు కిందికి లాగుతుంది: కన్యాకుమారి, ఆ తర్వాత శ్రీలంక, ఇంకా వీలైతే థాయ్‌లాండ్.

అనుకున్న మర్నాడే బయల్దేరడం కుదిరే పనే. కాకపోతే ఆ ఒక్క రాత్రిలో అయ్యే పనులు చాలా తక్కువ. కాగితాలకి వారాలు పడతాయి, బండికి కనీసం వారం పడుతుంది. అవి ఎప్పుడో పూర్తయి ఉంటేనే, ఆ రాత్రికి సంచి సర్దుకోవడం, వాతావరణం చూసుకోవడం మిగులుతాయి. తొందరగా వెళ్లగలిగేవాళ్లంతా నెలల ముందే సిద్ధమైనవాళ్లే.

ముందు వాన సంగతి

దక్షిణానికి వెళ్లేవాళ్లు చేసే మొదటి పొరపాటు ఉష్ణోగ్రత ఒక్కటే చూసుకోవడం. చూడాల్సింది ఈశాన్య రుతుపవనాలు. అక్టోబరు మూడో వారం నుంచి డిసెంబరు చివరి దాకా, ఒక్కోసారి జనవరి మొదటి పక్షం దాకా, నెల్లూరు నుంచి కన్యాకుమారి వరకూ తీరమంతా అప్పుడు వానాకాలమే. మనం చలి తప్పించుకుందామని వెళ్లి వరదలో పడతాం. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు దగ్గర హైవే కోసుకుపోయింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, దానికి ముందు చెన్నైని ముంచేసింది. అదే నెల 17, 18 తేదీల్లో తూత్తుకుడి జిల్లా కాయల్‌పట్టినంలో ఒక్కరోజులో దాదాపు 95 సెంటీమీటర్ల వాన కురిసింది. హుద్‌హుద్ చూసిన ఊరివాళ్లం కాబట్టి తుపాను మాట మనకి కొత్తగా చెప్పక్కర్లేదు.

సంక్రాంతి ముందు వారం కూడా వద్దు. హైదరాబాద్ నుంచి గోదావరి జిల్లాలకీ, మనవైపుకీ వచ్చే కార్లతో రోడ్డు నిండిపోతుంది. భోగి తెల్లవారుజామున పొగా మంచూ కలిసి రోడ్డు మీదికి దిగుతాయి. ఊళ్లు దాటుతున్నప్పుడు గాలిపటాల మాంజా మెడకి తగులుతుంది. ఈ రోజుల్లో తప్పనిసరిగా వెళ్లాల్సొస్తే మెడకి మందపాటి గుడ్డ పట్టీ ఉండాల్సిందే. పైగా మకరజ్యోతి అయ్యేదాకా అయ్యప్ప భక్తుల బస్సులతో రామేశ్వరం, కన్యాకుమారి కిటకిటలాడతాయి, గదులు దొరకవు.

నా లెక్కలో మంచి రోజులు సంక్రాంతి అయ్యాక జనవరి 18 నుంచి ఫిబ్రవరి చివరి దాకా. వాన తగ్గుతుంది, గదులు ఖాళీ అవుతాయి, ఎండ ఇంకా ముదరదు.

ఉప్పుగాలి తిన్న బండి

మన ఊరి బండ్లకి ఒక ప్రత్యేకమైన జబ్బుంది. లాసన్స్ బే, ఎంవీపీ, పెదవాల్తేరు వైపు బయట నిలిపే బండి పైకి మెరుస్తూనే ఉంటుంది, లోపల ఉప్పుగాలి తినేస్తూ ఉంటుంది. ఊళ్లో పది కిలోమీటర్లు తిరిగినంత కాలం ఏమీ తెలీదు. రోజుకి 400 కిలోమీటర్లు తోలితే మూడో రోజు బయటపడుతుంది.

మొదట క్లచ్ వైరు. హ్యాండిల్ దగ్గర రబ్బరు మూత వెనక్కి లాగి, లివరు పూర్తిగా నొక్కిపట్టి, వైరు చివర గుండు ఉన్నచోట టార్చి వేసి చూడండి. అక్కడ సన్నటి ఇనుప పోగులు జడలా పేని ఉంటాయి. ఒక్క పోగు లేచి వేలికి గుచ్చుకున్నా ఆ వైరు పని అయిపోయినట్టే. ఇంకో 500 కిలోమీటర్లు వస్తుందేమో, రాకపోవచ్చు. మార్చేటప్పుడు రెండు వైర్లు కొనండి. ఒకటి బిగించాక, రెండోది దాని పక్కనే అదే దారిలో నడిపించి, రెండు కొసలకీ ఇన్సులేషన్ టేపు చుట్టి, జిప్ టైలతో కట్టేయండి. దారిలో తెగితే ట్యాంకు విప్పే పనుండదు. కొసలు మార్చి తగిలించడం పది నిమిషాల పని. యాక్సిలేటర్ వైరుకీ ఇదే చేయొచ్చు. లివరు దగ్గర 2, 3 ఎంఎం ఆట ఉంచండి. అసలు ఆట లేకపోతే క్లచ్ జారుతూ ప్లేట్లు కాలిపోతాయి.

తర్వాత చైను. వెనక పళ్లచక్రం మీద చైనుని వేలితో వెనక్కి లాగి చూడండి. పన్ను సగం దాకా బయటికి కనిపిస్తే చైన్ సెట్టు మొత్తం మార్చాలి, చైను ఒక్కటే మారిస్తే పాత పళ్లు కొత్త చైనుని తినేస్తాయి. కింద మధ్యలో వేలితో ఎత్తితే ఎంత ఊగాలో బండి పుస్తకంలో ఉంటుంది. చాలా బండ్లకి 20 నుంచి 30 ఎంఎం. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూడాలి, ఎందుకంటే అరిగిన చైను ఒకచోట బిగుతుగా, ఇంకోచోట వదులుగా ఉంటుంది. బిగుతుగా ఉన్నచోటే కొలత తీసుకోండి. 500 కిలోమీటర్లకోసారి, సాయంత్రం దిగగానే చైను వేడిగా ఉన్నప్పుడు ల్యూబ్ కొట్టండి. పొద్దున కొట్టి వెంటనే తోలితే సగం వెనక టైరు మీద పడుతుంది. ల్యూబ్ డబ్బా దొరకని చోట 90 గ్రేడు గేర్ ఆయిలు గుడ్డకి పట్టించి తుడిచినా చాలు.

బ్యాటరీని కళ్లతో చూసి ఏమీ చెప్పలేం, మల్టీమీటరు కావాలి. రాత్రంతా ఆపిన బండికి 12.6 వోల్టులు ఉంటే బాగున్నట్టు, 12.2 కంటే తక్కువుంటే దాన్ని నమ్మి ఊరు దాటొద్దు. స్టార్ట్ చేసి కొంచెం రేజ్ చేస్తే 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. అంత రాలేదంటే ముందు టెర్మినల్స్ మీద పేరుకున్న తెల్లటి పొడి చూడండి. వేడినీళ్లతో కడిగి, ఉప్పుకాగితంతో రుద్ది, పెట్రోలియం జెల్లీ రాస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే బ్యాటరీకి వెళ్లే ఛార్జింగ్‌ని అదుపు చేసే రెగ్యులేటరు చూపించాలి.

డిస్క్ బ్రేకులో ప్యాడ్లు 2 ఎంఎం కంటే పల్చబడితే మార్చడం అందరికీ తెలుసు. మన దగ్గర అసలు గొడవ కాలిపర్ (ప్యాడ్లని డిస్క్ మీదికి నొక్కే భాగం) పిన్నులతో. ఉప్పుకి అవి బిగుసుకుపోతే ఒకవైపు ప్యాడే అరుగుతుంది, బ్రేకు వదిలాక కూడా డిస్క్‌ని పట్టుకునే ఉంటుంది. విప్పి శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు రాయించండి. బ్రేకు ఆయిలు గాల్లో తేమని పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లు దాటితే మార్చాలి.

టైర్లలో స్పోక్స్ చక్రమైతే సాధారణంగా లోపల ట్యూబు ఉంటుంది. ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్టు దానికి పనికిరాదు. ఈ తేడా రోడ్డు మీద తెలుసుకునేవాళ్లు ఎక్కువ. ట్యూబు టైరులో గాలి పోయాక కొద్ది దూరం నడిపినా రిమ్ము మీద టైరు జరిగి వాల్వు మొదట్లో ట్యూబు చిరిగిపోతుంది, ఇక దానికి అతుకు నిలవదు. ఒక ట్యూబే పెట్టుకోగలిగితే పెద్ద సైజుది, అంటే ముందు చక్రానిది పెట్టుకోండి. ముందు 19, వెనక 18 అంగుళాలున్న బండికి ముందు ట్యూబు వెనక వేసి పక్క ఊరి దాకా వెళ్లొచ్చు. హైవే షాపుల్లో 19 దొరకడం కష్టం. రెండు టైరు లివర్లు, వెనక యాక్సిల్ నట్టుకి సరిపడే స్పానరు కూడా ఉండాలి. కంపెనీ ఇచ్చే టూల్ కిట్టులో అది లేకపోవచ్చు, ఇంట్లోనే ఒకసారి పెట్టి చూసుకోండి. గాలి పొద్దున్నే, బండి కదలకముందే కొలవాలి. గాలి వేడి 10 డిగ్రీలు పెరిగితే ఒకటిన్నర పీఎస్‌ఐ పెరుగుతుంది. మధ్యాహ్నం వేడి టైరులో కొలిచి ఎక్కువైందని తీసేస్తే మర్నాడు పొద్దున తక్కువ గాలితో తోలాలి.

సర్వీసింగ్ అయిన మర్నాడే బయల్దేరొద్దు. మెకానిక్ విప్పిన ప్రతి బోల్టూ ఒకసారి ఊగి చూడాలి. ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాటు ఎక్కి అరకు దాకా వెళ్లొస్తే రాను పోను 230 కిలోమీటర్ల చిల్లర. ఎక్కేటప్పుడు క్లచ్, దిగేటప్పుడు బ్రేకులు, పైన చలి, మూడూ తేలిపోతాయి. ప్రయాణంలో కట్టుకునే సామానంతా కట్టుకునే వెళ్లండి. తిరిగొచ్చాక సైలెన్సరు, ఫుట్‌రెస్టు, క్యారియరు, నంబరు ప్లేటు బోల్టులు బిగించి, ఇంజిను కింద గుడ్డ పరిచి రాత్రంతా వదిలి ఆయిలు మరక పడిందేమో చూడండి.

గోడకి ఎప్పుడూ వేలాడాల్సిన సంచి

ట్యూబు, లివర్లు, చేతి పంపు, స్పానర్లు, ఫ్యూజులు నాలుగు, ఒక హెడ్‌లైట్ బల్బు, స్పార్క్ ప్లగ్గూ దాని స్పానరూ, చైన్ లింకు లాకు, ఇన్సులేషన్ టేపు, జిప్ టైలు, మెత్తటి ఇనుప తీగ ఒక మీటరు, టార్చి, ఓఆర్ఎస్ పొట్లాలు. ఇవి ఏడాది పొడవునా ఒకే సంచిలో ఉండాలి. ఇంటి పనికని అందులోంచి స్పానరు తీస్తే అదే సాయంత్రం తిరిగి పెట్టేయాలి.

బట్టల విషయంలో మన దారికి ఒక్క మందపాటి జాకెట్టు పనికిరాదు. పొద్దున ఆరింటికి 17, మధ్యాహ్నం రెండింటికి 31. గాలాడే మెష్ జాకెట్టు వేసుకుని, పొద్దున పూట దాని మీద రెయిన్‌కోటు తొడగండి. చలిని ఆపేది ఉన్ని మందం కంటే గాలి దూరకపోవడం. ఏదీ లేనప్పుడు జాకెట్టు లోపల ఛాతీకి అడ్డంగా రెండు మడతల పేపరు పెట్టుకున్నా తేడా తెలుస్తుంది. మంకీ క్యాపు మీద హెల్మెట్ పెట్టొద్దు. అది లోపల జారుతుంది, పడినప్పుడు హెల్మెట్ తిరిగిపోతుంది. పల్చటి కాటన్ ముసుగు చాలు. నల్ల అద్దం హెల్మెట్ ఉంటే తెల్ల అద్దం కూడా సంచిలో ఉండాలి.

బరువు కిందకీ ముందుకీ ఉండాలి. సామానంతా వెనక క్యారియరు మీద గుట్టగా కడితే 70 దాటగానే హ్యాండిల్ తేలిపోతూ ఊగుతుంది. సాగే రబ్బరు తాళ్లు మొత్తం బరువుకి వాడొద్దు. ఒక కొక్కెం ఊడి చైనులో పడితే వెనక చక్రం బిగుసుకుపోతుంది. బకిలు పట్టీలతో కట్టి, మిగిలిన కొసలు మడిచి టేపు వేయండి. వెనక లైటు కనిపిస్తోందో లేదో పది అడుగులు వెనక్కి నడిచి చూడండి.

దారి

డిసెంబరు, జనవరి నెలల్లో మనకి వెలుతురు ఉండేది 11 గంటలు. అందులో తుని నుంచి ఏలూరు దాకా పొగమంచు ఏడున్నర, ఎనిమిది వరకూ విడదు. జొన్నాడ–రావులపాలెం వంతెన మీదా, సిద్ధాంతం వంతెన మీదా పొద్దున్నే పోతే ముందున్న లారీ లైటు కూడా చివరి క్షణంలోనే తెలుస్తుంది. అనకాపల్లి, ఎలమంచిలి చుట్టుపక్కల ఇది చెరకు కాలం. వెనక లైటు లేని ట్రాక్టరు, రెండు పక్కలా గడలు బయటికి పొడుచుకొచ్చి, మంచులో బూడిదరంగు గోడలా నెమ్మదిగా పోతూ ఉంటుంది. దాన్ని గుర్తుపట్టేసరికి 20 మీటర్లు కూడా ఉండదు. మంచు ఉన్నంతసేపూ లో బీమే వాడండి, హై బీము వేస్తే తెల్లటి తెర తప్ప ఏమీ కనబడదు. అసలు ఏడున్నరకి ముందు కదలకపోవడమే మంచిది.

ఏడున్నరకి కదిలి అయిదింటికి ఆగితే, భోజనం, టీలు పోను నడిచేది ఏడు, ఏడున్నర గంటలు. సగటు 55 వేసుకుంటే 400 కిలోమీటర్లు. అంతకుమించి పెట్టుకోవద్దు. ఆ లెక్కన మొదటి రోజు విజయవాడ, 350. రెండో రోజు ఒంగోలు, నెల్లూరు దాటి నాయుడుపేట దగ్గర హైవే వదిలి శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి, 400 దాకా. మూడో రోజు చిత్తూరు, వెల్లూరు, తిరువణ్ణామలై మీదుగా తిరుచ్చి, 390 దాకా. నాలుగో రోజు మదురై దాటి కన్యాకుమారి, 380. అంతా కలిపి 1,500 పైచిలుకు. ఈ దారిలో చెన్నై ట్రాఫిక్ మొత్తం తప్పుతుంది. జాతీయ రహదారుల మీద బండికి టోల్ లేదు, ఎడమ చివరనున్న సన్న సందులోంచి పోవచ్చు. అక్కడ ఇసుకా, ఆయిలూ పేరుకుని ఉంటాయి, బ్రేకు నెమ్మదిగా పట్టాలి. పెట్రోలు తమిళనాడులో మనకంటే లీటరుకి కొన్ని రూపాయలు తక్కువ, సరిహద్దు దాటాకే ట్యాంకు నింపండి.

రామేశ్వరం వెళ్తే పాంబన్ రోడ్డు వంతెన మీద పక్కగాలి గట్టిగా కొడుతుంది. వేగం తగ్గించి, మోకాళ్లతో ట్యాంకు పట్టుకుని, హ్యాండిల్ మీద చేతులు వదులుగా ఉంచండి. బిగపడితే గాలి తోపు నేరుగా ముందు చక్రానికి పోతుంది.

సముద్రం దాటాలంటే

మన నంబరు ప్లేటుతో తేలిగ్గా వెళ్లగలిగే నేపాల్, భూటాన్ రెండూ చలి దేశాలు. వెచ్చని దేశాలకి సొంత బండి తీసుకెళ్లడం అప్పటికప్పుడు అయ్యే పని కాదు. నాగపట్టణం నుంచి శ్రీలంకలోని కాంకేసన్‌తురైకి 2023 అక్టోబరులో మొదలైన ఓడ మనుషుల కోసమే, బండ్లని ఎక్కించుకోదు. బండిని పంపాలంటే కంటైనరు, కార్నే పత్రం (బండిని సుంకం కట్టకుండా తాత్కాలికంగా వేరే దేశానికి తీసుకెళ్లి తేవడానికి ఇచ్చేది), దానికి బ్యాంకు పూచీ కావాలి. థాయ్‌లాండ్‌కి మణిపూర్ మోరే మీదుగా భూమార్గం మ్యాపులో కనిపిస్తుంది కానీ, 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కున్నాక మయన్మార్‌లో అంతర్యుద్ధం నడుస్తోంది. ఆ దారి మర్చిపోవడం మంచిది. కాబట్టి విమానంలో వెళ్లి అక్కడ బండి అద్దెకి తీసుకోవడమే.

దానికి కావాల్సింది అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్. ఆర్టీఏకి ఫారం 4ఏ పెట్టి 1,000 రూపాయలు కట్టాలి, చెల్లుబాటు ఏడాది. ముందుగా మీ లైసెన్సులో గేరు బండి తరగతి ఉందో లేదో చూసుకోండి. కారుకి మాత్రమే ఉంటే పర్మిట్‌లోనూ కారే వస్తుంది, అక్కడ బండి తోలితే లైసెన్సు లేనట్టే. అప్పుడు ప్రయాణ బీమా కూడా పైసా ఇవ్వదు. మన బండి బీమా ఎటూ దేశం దాటి పనిచేయదు. ప్రయాణ బీమా కొనేటప్పుడు బైకు నడపడం కవరవుతుందా, ఎన్ని సీసీల దాకా అన్నది పాలసీలో చదివి తీసుకోండి.

శ్రీలంకలో పర్మిట్ ఒక్కటే చాలదు, అక్కడ స్థానిక గుర్తింపు కూడా తీసుకోవాలి. ఎక్స్‌ప్రెస్‌వేల మీదికి బండ్లని రానివ్వరు, దక్షిణ తీరంలోని గాలె దాకా తీరం రోడ్డే. చలికాలంలో పొడిగా ఉండేది గాలె, మిరిస్స వైపు. తూర్పున ట్రింకోమలీకి మన తమిళనాడు లాగే అప్పుడు వానలు. 1,868 మీటర్ల ఎత్తునున్న నువర ఎలియ రాత్రిళ్లు మన అరకులా వణికిస్తుంది, జాకెట్టు ఇంట్లో వదిలేయొద్దు.

థాయ్‌లాండ్‌లో చియాంగ్‌మై నుంచి మే హాంగ్ సాన్ చుట్టూ 600 కిలోమీటర్ల వలయం, 1,864 మలుపులని పేరు. నవంబరు నుంచి జనవరి వరకూ బాగుంటుంది, ఫిబ్రవరి చివరికల్లా పొలాలు తగలబెట్టే పొగ కమ్ముతుంది. రెండు దేశాల్లోనూ మనలాగే ఎడమ వైపు ప్రయాణం. అద్దె కొట్టువాళ్లు పాస్‌పోర్టు తాకట్టు అడిగితే ఇవ్వొద్దు, నగదు డిపాజిట్ ఇచ్చి కాపీ ఇవ్వండి. తీసుకునే ముందు బండి చుట్టూ వీడియో తీయండి, గీతలన్నీ పడేలా.

తిరుగు ప్రయాణం

సెలవు తక్కువైతే కన్యాకుమారి నుంచి బండిని రైల్లో వేసేయొచ్చు. డిబ్రూగఢ్ వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్ విశాఖ మీదుగానే పోతుంది. టికెట్టు ఉంటే లగేజీగా, లేకపోతే పార్శిలుగా బుక్ చేస్తారు. ఆర్‌సీ, గుర్తింపు కార్డు కాపీలు ఇవ్వాలి. ట్యాంకులో చుక్క పెట్రోలు ఉండకూడదు, ముందు రోజే లెక్క చూసుకుని తక్కువ కొట్టించుకోండి. అద్దాలు విప్పి సంచిలో పెట్టుకోండి. ట్యాంకుకీ హెడ్‌లైటుకీ గోనె కింద పాత దుప్పటి చుట్టించండి, క్లచ్, బ్రేకు లివర్లు కొంచెం వదులు చేస్తే దెబ్బ తగిలినా విరక్కుండా తిరుగుతాయి. అదే రైల్లో వస్తుందని హామీ ఉండదు, రెండు రోజులు అటూఇటూ అవుతుంది.

బండి చేతికి రాగానే ముందు మంచినీళ్లతో కడగండి. ధనుష్కోటి ఇసుక స్పోక్స్ మొదళ్లలో, చైను లింకుల్లో, కాలిపర్ వెనక దాగి ఉంటుంది. ప్రెషర్ గన్ను వద్దు, అది ఉప్పుని బేరింగుల్లోకి తోస్తుంది. మామూలు పైపు, మెత్తటి బ్రష్షు చాలు. ఆరాక చైనుకి ల్యూబ్ కొట్టి, వాడిన ట్యూబు, ఫ్యూజు బదులు కొత్తవి కొని సంచిలో పెట్టి, ఆ సంచిని మళ్లీ గోడకి తగిలించండి.